సబ్బువాళ్ల గోళ్లు

మా అత్తగారింట్లో అందరూ ఇంట్లో కూడా సాక్సులు వేసుకునే తిరుగుతారు. ఎండలు మాడ్చేసే రోజుల్లో కూడా. కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసి, అబ్బో, ఎంత నాగరికమైన ఇల్లు అని మురిసిపోయాను. పుట్టింటికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను కూడా. మా అమ్మ కాస్త ఆలోచించి, "నేల అంత మురికిగా ఉంటుందా ఏమిటే?" అని అడిగింది. ఆ మాట అత్తగారి చెవిన పడి ఉంటే నా కాపురం అక్కడితో సరి.

ఎందుకంటే మాది సబ్బుల ఇల్లు. ముందు ఇల్లు, వెనక కార్ఖానా. రేకుల షెడ్డులో పెద్ద తొట్లు, వాటిలో నూనె, కాస్టిక్ సోడా కలిసి కుతకుతా ఉడుకుతుంటాయి. ఆ ముద్దని అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తీగతో కోసి, ఆరబెట్టి, పొట్లాలు కడతారు. ఆ పొట్లాల విభాగానికి నేనే అధికారిని. పొట్లం మీద "ఒక్క క్రిమి కూడా మిగలదు" అని ఎర్రటి అక్షరాలుంటాయి. మామగారు పోయాక అత్తగారే యజమానురాలు. యజమానురాలంటే షెడ్డులోకి వస్తారనుకునేరు. ఆ వాసన ఆవిడకి పడదు. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, డీలర్లకి శుభ్రత గురించి ఉపన్యాసం ఇవ్వడమే ఆవిడ పని. తొట్టి మొహం చూసిన పాపాన పోలేదు.

ఇంట్లో మాత్రం ఆవిడ కన్ను పడని మూల లేదు. కిటికీ అంచు మీద వేలు పెట్టి గీస్తారు. ఆ వేలు నా మొహం ముందుకి తెస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో తువ్వాలు, ఒక్కో బకెట్టు, స్నానానికి ఒక్కో వేళ. స్నానాలగదిలో తడి కనిపిస్తే నా పేరు, బూజు కనిపిస్తే మా అమ్మ పేరు ఎత్తుతారు. "ఎలా పెంచారో!" అని గాలితో చెప్తారు. గాలి నాకు చెప్తుంది.

పెళ్లయిన కొద్దిరోజులకే మా ఆయన పాదాలు చూశాను. కాలిగోళ్లు దళసరిగా, పసుపుపచ్చగా, అంచులు పొడిపొడిగా రాలుతూ ఉన్నాయి. "అయ్యో, ఏమైందండీ?" అన్నాను. "కాస్టిక్," అన్నాడాయన, ముక్తసరిగా, సాక్సు పైకి లాక్కుంటూ. "తొట్టి దగ్గర పనిచేసేవాళ్లకి మామూలే." నా కళ్లు చెమర్చాయి. కుటుంబం కోసం గోళ్లు ధారపోసిన మనిషి దొరికాడనుకున్నాను. ఎంత పిచ్చిమొద్దునో చూడండి.

ఆ ఇంట్లో నాకు ఊపిరాడిందంటే నా ఆడపడుచు వల్లే. పుట్టినప్పుడు బుగ్గలు ఉబ్బి ఉండేవట, సబ్బుల ఇల్లు కదా, బుడగ అని పేరు పెట్టారు. పెరిగి, చిన్నపిల్లల బడిలో టీచరై, బుగ్గలు పోయినా పేరు పోలేదు. నాకూ తనకీ మధ్య అరమరికల్లేవు. అత్తగారు కిటికీ అంచు మీద వేలు పెట్టినప్పుడల్లా వెనకనుంచి అచ్చం అలాగే నటించి నన్ను నవ్వించేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ పిల్లకే రక్తం జబ్బు చేసింది.

మొదటి విడత మందులకి తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఇక మిగిలింది ఎముకల్లోని మూలుగ మార్పిడి ఒక్కటే అన్నారు. అదృష్టం ఏమిటంటే అన్నయ్యది, అంటే మా ఆయనది, చెల్లెలికి సరిగ్గా సరిపోయింది. ఆ మాట విన్నరోజు మేమంతా ఏడుస్తూ నవ్వాం. అత్తగారు కూడా నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత వెళ్లి చెయ్యి కడుక్కున్నారనుకోండి, అది వేరే సంగతి.

మార్పిడికి ముందు డాక్టరమ్మ అందర్నీ గదిలో కూర్చోబెట్టింది. గట్టి మనిషే కానీ ఓపిక ఎక్కువ. అవీ ఇవీ అడిగాక, "మీ ఇంట్లో ఎవరికైనా ఫంగస్ బాధ ఉందా? గోళ్లు పాడవడం, నోట్లో తెల్లపొర, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ రావడం?" అంది.

"ఛీ ఛీ! మాకా?" అన్నారు తల్లీకొడుకులు ఒక్క గొంతుతో. బడిలో ఎక్కాలు కూడా అంత ఒద్దికగా కలిసిరావు.

"మాది సబ్బుల వ్యాపారమండీ," అన్నారు అత్తగారు, ఆ కుర్ర డాక్టరుకి తెలియక అడిగింది పాపం అన్నట్టు జాలిగా చూస్తూ.

"సబ్బుకీ దీనికీ సంబంధం లేదమ్మా. ఇది నెత్తుట్లో సంగతి." డాక్టరమ్మ తన అరచెయ్యి చాచి చూపించింది. "మన తెల్లకణాలు ఉన్నాయి కదా. వాటి పైపొరలో కొన్ని ప్రోటీన్లు ఇలా బయటికి చేతులు చాచుకుని ఉంటాయి. ఫంగస్ గోడలో ఒకరకం చక్కెర ఉంటుంది. ఈ చెయ్యి తడిమి, ఆ చక్కెరని గుర్తుపట్టి పట్టుకుంటుంది. పట్టుకున్నాకే లోపల కణానికి కబురు వెళ్తుంది. అప్పుడది ఫంగస్‌ని మింగేస్తుంది, సాయానికి మిగతా కణాల్ని పిలుస్తుంది. ఆ చేతుల్లో ఒకదాని పేరు డెక్టిన్. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు. కొన్ని కుటుంబాల్లో ఆ ప్రోటీన్ చివర కాస్త తెగిపోయి తయారవుతుంది. అది పైపొర దాకా వచ్చి నిలబడదు. ఫంగస్ ఎదురుగా ఉన్నా కణం దాన్ని సరిగ్గా గుర్తుపట్టలేదు."

అత్తగారి మొహం కందగడ్డ అయింది. "ప్రోటీన్ తక్కువేమిటమ్మా? మా ఇంట్లో అందరం రోజూ గుడ్లు తింటాం. పాలకి లోటు లేదు. మాదేం లేనిల్లు కాదు."

"తినే ప్రోటీన్ కాదమ్మా. కణం తనంతట తాను తయారుచేసుకునేది. తల్లిదండ్రుల నుంచి వచ్చేది."

"మా వైపు అలాంటివేం లేవు," అన్నారు అత్తగారు. తల్లిదండ్రులు అనగానే పోయిన మామగారి వైపు ఒక రాయి వేసి పెట్టాలని, "ఆయన వైపు సంగతి నాకు తెలియదు," అని కూడా అన్నారు.

డాక్టరమ్మ మా అందర్నీ ఒకసారి చూసింది. "ఊరికే అడగట్లేదు. అమ్మాయి నోట్లో తెల్లమచ్చలున్నాయి. ఈ మందులకి అవి రావడం మామూలే. కానీ జబ్బుకి ముందు నుంచీ ఉన్నాయా అన్నది నాకు కావాలి. మార్పిడికి ముందు తన పాత కణాలన్నీ తీసేస్తాం. అన్నయ్యవి ఎక్కించి, అవి నిలదొక్కుకునేదాకా ఒంట్లో కాపలా ఉండదు. అప్పుడు ఫంగస్ నెత్తుట్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. ఆ కొత్త కణాలకీ ఇదే లోపం ఉంటే మరీ కష్టం. అందరికీ ఇచ్చే మందు ఎలాగూ ఇస్తాను. కానీ మీ కుటుంబంలో ఈ గుణం ఉంటే అది చాలదు. గట్టి మందు ముందే మొదలుపెట్టాలి. కాలేయానికి బరువు కాబట్టి అది కారణం లేకుండా ఇవ్వలేను. జన్యుపరీక్షకి పంపుతాను గానీ, ఆ జవాబు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఈ జబ్బు అప్పటిదాకా ఆగదు." తర్వాత బుడగ వైపు తిరిగింది. "చిన్నప్పుడు నీకేమైనా—"

"లేదండీ," అన్నారు అత్తగారు, కూతురు నోరు తెరిచేలోపే.

బుడగ తల్లి మొహం చూసి తల దించుకుంది. మా ఆయన తన బూట్లు చూసుకున్నాడు. నాకు అప్పుడే ఒళ్లు మండడం మొదలైంది.

ఇంటికి రాగానే మా ఆయన్ని గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశాను. "ఏవండీ, మీ గోళ్ల సంగతి ఎందుకు చెప్పలేదు?"

"అది కాస్టిక్ అని నీకెన్నిసార్లు చెప్పాలి?"

"ఎప్పట్నుంచి ఉన్నాయి?"

"కాలేజీలో చదివేటప్పట్నుంచి."

"కాలేజీలో చదివేటప్పుడు మీరు తొట్టి దగ్గరికి వెళ్లేవారా? మీరు హాస్టల్లో ఉన్నారు కదా?"

ఆయన సాక్సు సర్దుకున్నాడు. "అమ్మ చెప్పింది. సెలవుల్లో వచ్చినప్పుడు తగిలుంటుంది అని." ఇంత మనిషి, ఇంత వ్యాపారం నడిపే మనిషి, అమ్మ చెప్పిందని తన గోళ్ల గురించి తనే నమ్మేశాడు. నమ్మడానికి ఎంత హాయిగా ఉందో ఆయన మొహంలో తెలుస్తోంది. కాస్టిక్ అంటే కష్టపడ్డట్టు, ఫంగస్ అంటే కడుక్కోనట్టు. మా ఇంట్లో లెక్క అంతే.

మర్నాడు షెడ్డులో మేస్త్రి పని ముగించి, బూట్లు విప్పి, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. తొట్టి దగ్గర జుట్టు నెరిసిన మనిషి. నేను సిగ్గు విడిచి ఆయన పాదాలే చూశాను. నున్నటి, గులాబీరంగు గోళ్లు. పసిపిల్లాడి గోళ్లలా ఉన్నాయి.

"మీకు కాస్టిక్ ఎప్పుడూ కాలిగోళ్లకి తగల్లేదా?" అని అడిగాను.

"బూట్లుంటాయి కదమ్మా, ఎందుకు తగుల్తుంది?" అన్నాడాయన, ఈ అమ్మాయికి మతి పోయిందా అన్నట్టు చూస్తూ.

నిజమే, ఇన్నేళ్లూ నాకు మతి లేదు. షెడ్డులో బూటు లేకుండా అడుగు పెట్టనివ్వరు. ఆ నియమం పెట్టింది మా అత్తగారే.

నేరుగా ముందుగదిలోకి వెళ్లి, మా ఆయన్నీ పిలిచి, ఉన్నమాట ఉన్నట్టు అడిగేశాను. డాక్టరు అడిగినదానికి నిజం చెప్పాలి, బుడగ ప్రాణం దాని మీద ఉంది, దాస్తే ఆ పిల్ల మనకి దక్కదు అన్నాను. అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత చాలాసేపు ఆలోచించారు. ఆవిడ మెత్తబడుతున్నారని నాకు ఆశ పుట్టింది.

"ఇంట్లో ఫంగస్ ఉందని చెప్పి తీరాల్సిందేనంటావా?"

"చెప్పి తీరాల్సిందే అత్తయ్యా."

"అయితే నీకుందని చెప్పు."

నేను నోరెళ్లబెట్టాను. మా ఆయన మొహం మాత్రం విప్పారింది. అవును సుమా, ఇది బాగుందే అన్నట్టు నా వైపు తిరిగాడు.

"నాకుంటే ఏం లాభం? ఎక్కించేది మీ అబ్బాయి మూలుగ. నాది కాదు కదా!"

"కోడలంటే ఇంటిమనిషి కాదా?" అన్నారు అత్తగారు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఆవిడ ఇంటిమనిషి అనడం అదే మొదటిసారి. "డాక్టరు అడిగింది ఇంట్లో ఎవరికైనా ఉందా అని. నువ్వూ ఇంట్లోనే ఉంటున్నావు. ఆ గట్టి మందేదో ఇచ్చేస్తుంది. మన పరువూ నిలబడుతుంది. పిల్లా బాగుపడుతుంది."

ఆవిడ వెటకారంగా అనలేదు. మనస్ఫూర్తిగా అన్నారు. దొరికింది ఉపాయం అని కళ్లు మెరిశాయి కూడా. కూతురు బతకాలని ఆవిడకి లేదనను. ఉంది, గుండెనిండా ఉంది. ఫంగస్ మాత్రం పరాయి పుట్టింటి నుంచి రావాలి, అంతే.

"ఆవిడ రక్తసంబంధం చూస్తుంది అత్తయ్యా. నా గోళ్లు చూసి నవ్వి పంపేస్తుంది," అని చెప్పి, చర్చ ఆపేసి, మా ఆయన చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకుపోయాను. ఈడ్చుకుపోయానంటే ఊరికే అనడం లేదు. బస్సులో కూడా చెయ్యి వదల్లేదు, మధ్యలో దిగి కాలికి బుద్ధి చెప్తాడేమోనని.

డాక్టరమ్మ ముందు బూట్లు, సాక్సులు విప్పించాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ వంగి చూసి ఏదో అనబోతుండగానే, "కాస్టిక్ అండీ," అన్నాడు మా ఆయన. "కార్ఖానాలో పని."

"ఏవండీ!" అని అరిచాను.

"ఏం, కార్ఖానాలో పనిచెయ్యనా నేను?"

డాక్టరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "గోరుముక్క పరీక్షకి పంపుతాను. ఫంగస్సే కావచ్చు. కానీ రోజంతా తడిలో, బూట్లలో ఉండేవాళ్లకి ఇది చాలామందికి వస్తుంది. ఈయన ఒక్కడి గోళ్లు చూసి, కుటుంబంలోనే లోపం ఉందని నేను చెప్పలేను. షెడ్డు మొహం చూడనివాళ్లకి ఎవరికైనా ఉంటే అప్పుడు నమ్ముతాను. మీ అమ్మగారికి?"

"మా అమ్మకా? అబ్బే!" అన్నాడు మా ఆయన. పాపం, ఆ మాట అబద్ధమని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఆవిడ పాదాలు ఆ ఇంట్లో ఏ ప్రాణీ చూసి ఎరగదు. కాళ్లకి ఎప్పుడూ చలి అని సాక్సు మీద సాక్సు వేసే మనిషి. ఆ సాక్సులు గుర్తొచ్చి నాకు మాత్రం అనుమానం పట్టుకుంది.

బుడగని మార్పిడి వార్డులో చేర్చారు. ఆ వార్డు అద్దాల పెట్టెలాంటిది. తలుపు దగ్గర ఒక చిన్న గది. లోపలికి వెళ్లేవాళ్లు చెప్పులు, బూట్లు, సాక్సులు అన్నీ అక్కడ వదిలేసి, మోకాళ్ల దాకా కాళ్లు కడుక్కుని, వాళ్లిచ్చే రబ్బరు చెప్పులు వేసుకోవాలి. వేళ్లు బయటికి కనిపించే చెప్పులు. మా ఆయన విప్పాడు, ఎలాగూ ఆయన కాస్టిక్ రహస్యం బయటపడిపోయింది కదా. నేనూ విప్పాను. అత్తగారు ఆ చెప్పులు చూశారు, తన కాళ్లు చూసుకున్నారు. "నేను బయటే ఉంటాను. పెద్దదాన్ని, నా వల్ల పిల్లకి ఏమైనా అంటితే?" అని అద్దం బయట కుర్చీలో కూర్చుండిపోయారు.

ఆ రోజు అలాగే, మర్నాడూ అలాగే. అద్దానికి అవతల కూతురు, ఇవతల తల్లి. నర్సులు ఆవిడని చూసి తెగ మెచ్చుకున్నారు. "మీ అత్తగారిది ఎంత జాగ్రత్తండీ! మిగతావాళ్లు చెప్తే వినరు, తోసుకుని లోపలికొచ్చేస్తారు. తల్లంటే అలా ఉండాలి," అంది ఒకామె నాతో. వచ్చేపోయే రోగుల బంధువులు కూడా ఆవిడని ఆదర్శంగా చూడసాగారు. అత్తగారు వాళ్లకి శుభ్రత గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. సంచీలోంచి మా సబ్బులు తీసి ఒకరిద్దరికి పంచారు కూడా. నేను అద్దంలోంచి చూస్తూ పళ్లు కొరుక్కున్నాను.

మర్నాటి నుంచి పాత కణాల్ని తీసేసే మందు మొదలు. ఆ సాయంత్రం బుడగ దగ్గర నేనొక్కదాన్నే కూర్చున్నాను. తను అద్దంవైపే చూస్తోంది.

"అమ్మ లోపలికి రాదు కదా వదినా."

"వస్తుందిలే."

"రాదు. నేనంటే అసహ్యం తనకి. చిన్నప్పట్నుంచీ అంతే." తను ఏడవలేదు. రేపటి టైంటేబుల్ చెప్పినట్టు చెప్పింది. "నాలుక మీద తెల్లపొర వచ్చేది నాకు. తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆ డాక్టరమ్మ అడిగినప్పుడు చెబ్దామనుకున్నాను. అమ్మ మొహం చూసి ఊరుకున్నాను. పొర కనిపిస్తే చాలు, అమ్మ స్నానాలగదిలోకి తీసుకెళ్లి, గుడ్డ చుట్టిన వేలితో రుద్దేది. నెత్తురొచ్చేదాకా రుద్దేది. మురికిదానా, మురికిదానా అనేది. నేను రోజూ ఎంత కడుక్కునేదాన్నో తెలుసా? ఇంకా ఏం కడగాలో తెలిసేది కాదు. ఇప్పుడీ జబ్బు కూడా నేను సరిగ్గా కడుక్కోకపోవడం వల్లే వచ్చిందని ఒక్కోసారి అనిపిస్తుంది. టీచర్ని, అలా కాదని తెలుసు. అయినా అనిపిస్తుంది."

ఇన్నాళ్లూ అత్తగారి మీద జోకులేసుకుని నవ్వుకున్నాం, మేమిద్దరం. తను లోపల దీన్ని పెట్టుకుని నవ్విందా?

బయటికి వచ్చాను. అత్తగారు ఎవరికో వేళ్ల సందులు ఎలా తుడుచుకోవాలో చెబుతున్నారు. ఆ మనిషిని లేచి వెళ్లమన్నాను. నా మొహం చూసి వెళ్లిపోయింది.

"అత్తయ్యా, సాక్సులు విప్పండి."

"ఏం మాట, అమ్మాయ్!"

"మీరు తనని అసహ్యించుకుంటున్నారని బుడగ అనుకుంటోంది. అందుకే లోపలికి రావట్లేదనుకుంటోంది. రేపు మందు ఎక్కుతుంది. మళ్లీ ఎప్పుడు తేరుకుంటుందో, అసలు తేరుకుంటుందో లేదో నాకూ తెలియదు, మీకూ తెలియదు. మీ కాళ్లకి ఏముందో నాకు అక్కర్లేదు. ఊళ్లో ఎవరికీ చెప్పను. డాక్టరుకి చెప్పాలి. మీ పిల్ల పక్కన కూర్చోవాలి. లేకపోతే పరువు నెత్తిన పెట్టుకుని ఇక్కడే కూర్చోండి, నాతో మాత్రం ఇక మాట్లాడకండి!"

అరుస్తున్నానని నాకు తెలియలేదు. వరండా చివర నర్సులు ఆగిపోయి చూస్తున్నారు. అత్తగారు నన్ను తిడతారనుకున్నాను. మా అమ్మ పేరు ఎత్తుతారనుకున్నాను. ఆవిడ అద్దంలోకి చూశారు. బుడగ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

అత్తగారు లేచి, ఆ చిన్నగదిలోకి వెళ్లారు. బెంచీ మీద కూర్చుని సాక్సు విప్పారు. దాని కింద ఇంకోటి ఉంది, అదీ విప్పారు. నేను సాయం పట్టబోతే చెయ్యి తోసేశారు. పది వేళ్లూ అలాగే ఉన్నాయి. మా ఆయనవి వీటి ముందు నయం. బొటనవేలి గోరయితే గోరులానే లేదు. చర్మం రుద్ది రుద్ది ఎర్రగా, పగుళ్లతో ఉంది. ఎన్నేళ్లు ఆ సబ్బు పెట్టి తోముకున్నారో. నాకు కోపం పోలేదు గానీ, ఆవిడ విప్పిన సాక్సులు మడిచి పక్కన పెట్టాను.

ఆవిడ కాళ్లు కడుక్కుని, రబ్బరు చెప్పులు వేసుకుని, లోపలికి వెళ్లారు. డాక్టరమ్మ అప్పుడే పరీక్షకి వచ్చి మంచం పక్కన ఉంది. అత్తగారు ఆవిడ ముందు నిలబడి, బడిలో తప్పుచేసిన పిల్లలా కాళ్లవైపు చూపించారు.

డాక్టరమ్మ నేల మీద కూర్చుని చూసింది. "ఎప్పట్నుంచమ్మా?"

"చిన్నప్పట్నుంచి. మా అమ్మకీ ఉండేవి."

"షెడ్డులో పనిచేశారా ఎప్పుడైనా?"

"లేదు." ఆ ఒక్క మాటకి ఆవిడ ఎంత కష్టపడ్డారో.

"నోట్లో వచ్చేదా?"

"వస్తూనే ఉంటుంది. ఇప్పుడూ ఉంది."

"అమ్మాయికి కూడా చిన్నప్పుడు వచ్చేదట, నాకు ఇందాకే చెప్పింది," అన్నాను నేను. డాక్టరమ్మ లేచింది. "ఇక చాలు. తల్లికీ, కూతురికీ, కొడుక్కీ ఉంది. అన్నయ్య మూలుగే వాడతాం, వేరే దారి లేదు. కానీ ఈ రాత్రి నుంచే గట్టి మందు మొదలు, కొత్త కణాలు కుదురుకున్నాక కూడా చాలాకాలం ఆపం. ఇవాళ చెప్పారు కాబట్టి సరిపోయింది. ఇంకో వారం ఆగి చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు." నర్సుకి మందు పేరు చెప్తూ గబగబా బయటికి వెళ్లింది.

నేను హమ్మయ్య అనుకున్నాను. బుడగ వైపు తిరిగాను, తనూ నవ్వుతుందని. బుడగ నవ్వట్లేదు. మంచం మీద లేచి కూర్చుని తల్లి పాదాలే చూస్తోంది.

"అమ్మా, నీక్కూడా నోట్లో వచ్చేదా?"

"వచ్చేది."

"అయితే అది మురికి వల్ల రాదని నీకు తెలుసు."

అత్తగారు చెప్పుల్లోంచి కనిపిస్తున్న వేళ్లు ముడుచుకున్నారు.

"నన్ను రుద్దేటప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"మరెందుకమ్మా రుద్దావు? నెత్తురొచ్చింది కదా. నొప్పి అని ఏడ్చాను కదా."

"మా అమ్మ నన్నలాగే రుద్దేది," అన్నారు అత్తగారు. ఆ జవాబు చాలదని ఆవిడకే తెలిసింది. మంచం కడ్డీ పట్టుకున్నారు. "నీకుందని తెలిస్తే నాకుందని అందరికీ తెలిసిపోతుందని భయం. సబ్బులమ్మే ఇల్లు, ఇంటావిడకే ఇలా ఉందంటారని. ఆ భయమంతా నీ నోట్లో రుద్దాను."

బుడగ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. నేను దగ్గరికి వెళ్లబోయి ఆగిపోయాను. అది నేను దూరాల్సిన చోటు కాదు. అత్తగారు కూడా కదల్లేదు. రమ్మంటుందో, పొమ్మంటుందో తెలియక అక్కడే నిలబడ్డారు. చివరికి పొమ్మందనే అనుకుని, తలుపువైపు తిరిగారు.

"నాకు చాలా కోపంగా ఉందమ్మా," అంది బుడగ. "వెళ్లిపోకు."

అత్తగారు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు.